లాగి కొలవకు

మావో సంతలో మా అమ్మ మూరలెక్కన గుడ్డ అమ్మేది.
మోచేతి నుంచి నడివేలి కొస దాకా
ఆమె చేయే ఆమె దుకాణం.
కురచ చేతుల వర్తకుల్ని దాటుకుని
పొడుగు చేతుల మా అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు ఆడవాళ్లు.
నాకు నేర్పింది ఒకటే:
"లాగి కొలవకు, ఫన్నా.
లాగిన గుడ్డ ఇంటికెళ్లి కురచవుతుంది.
ఎవరమ్మారని అడిగితే నీ పేరు చెబుతుంది."

ఇప్పుడు నా చేతిలో ఉన్నది
వేలెడు వెడల్పు కూడా లేని ప్లాస్టిక్ పట్టీ.
మూడు రంగులు, చివర చిన్న కిటికీ.
కిటికీలో పచ్చ కనబడితే ఇంటికి పొమ్మంటాను.
పసుపైతే మళ్లీ రమ్మంటాను.
నూట పదిహేను మిల్లీమీటర్లకు ఈవల ఎరుపు.
ఎరుపు చూశాక నేను గట్టిగా మాట్లాడను.
తొందరగా రాస్తాను.

ఎడమ చేయి.
భుజం ఎముక నుంచి మోచేతి దాకా దారం పట్టి,
మడిచి, సగం దగ్గర పెన్నుతో చుక్క పెట్టి,
చేయి వేలాడనిచ్చి, చుక్క మీద చుట్టాలి.
నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి ఆనినంత ఆనాలి, అంతే.

చేయే ఎందుకని అడిగాను మా నర్సుని.
"పొట్ట ఉబ్బి అబద్ధమాడుతుంది.
పుట్టిన నెల అడిగితే తల్లి ఆకాశం చూస్తుంది.
చేతి కండ ఒక్కటే
గుండెకీ ఊపిరికీ అడిగినప్పుడల్లా అప్పిచ్చి
నోరెత్తకుండా దివాలా తీస్తుంది" అన్నాడు మల్లూం.

జూన్ నెల. వాన ఇంకా దారిలోనే ఉంది.
సజ్జ గాదెల్లో చీపుళ్ల చప్పుడు.
యాకురా రాత్రంతా నడిచి వచ్చింది,
గాడిద మీద చెరో వైపు కవల ఆడపిల్లలు.
ఇంట్లో వాళ్లని కురా, గనా అంటారు.
పెద్దది, చిన్నది.
పెద్దది ఇప్పుడు చిన్నదానికంటే చిన్నది.

కురా: నూట పన్నెండు. ఎరుపు.
గనా: నూట పదహారు. పసుపు.
మధ్యలో గీత.
గనా గీతకు అవతల ఉంది,
ఒక సజ్జగింజ మందంలో.

యాకురా బతిమాలలేదు.
దారి అడిగినట్టు అడిగింది:
"ఒకదాని పొట్లం ఇద్దరూ తింటే
ఏది బతుకుతుంది?"

నా బొటనవేలు నన్నడగలేదు.
పట్టీ కొస లాగింది.
కిటికీలో నూట పద్నాలుగు.
ఎర్రసిరాతో రాశాను.
చెవిలో అమ్మ గాజులు గలగలమన్నాయి.

గనా ఏడవలేదు.
అంత బిగించినా ఏడవలేదు.

అప్పుడు చూశాను పాదాలు.
అన్నిటికంటే ముందు చూడాల్సినవి.
రెండు పాదాల మీద రెండు బొటనవేళ్లు నొక్కి పెట్టి
ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి తీశాను.
రెండు గుంటలు.
తడి ఇసుకలో ఒంటె అడుగుల్లా
పూడకుండా, నన్నే చూస్తూ.

ఒంట్లో నీరు చేరిన పిల్లకి పట్టీతో పనేముంది?
పసుపైనా, పచ్చైనా పెద్దాసుపత్రికే.
నా దొంగతనం ఎవరికీ అక్కర్లేకపోయింది.
నూట పద్నాలుగు కొట్టేశాను.
పక్కన నూట పదహారు రాసి, కింద రాశాను: వాపు.
కొట్టివేత ఎందుకని మల్లూం అడిగితే చెప్పాను.
చాలాసేపు టోపీ సర్దుకుని,
"పాదాలు ముందు" అన్నాడు.

ఎనిమిది రోజులకు యాకురా వచ్చింది.
గాడిదకు ఒకవైపు కురా,
రెండోవైపు బరువు సరిచెయ్యడానికి నీళ్ల తిత్తి.
ఆ తిత్తి వైపు చూసి
నేను ఏమీ అడగలేకపోయాను.
కురా చేతికి పట్టీ చుట్టాను.
నూట పదమూడు. మళ్లీ చుట్టాను. నూట పదమూడే.

యాకురా తనంతట తనే చెప్పింది,
పెళ్లి కుదిరిన కబురు చెప్పినట్టు:
"చిన్నది ఆస్పత్రిలో మా అమ్మ దగ్గరుంది.
నిన్న ఏడ్చిందట.
వార్డంతా లేచేలా ఏడ్చిందట."

వెళ్లేముందు పట్టీ ఒకటి అడిగింది.
మా వాడలో ఇంకా పిల్లలున్నారు, నేనే చూస్తానంది.
ఇచ్చాను.
ఏ చేయో, చుక్క ఎక్కడో చూపించాను.
గాడిద కదిలాక
వెనక నుంచి గట్టిగా అరిచి ఒక మాట చెప్పాను.
గొంతు నాదే. మాట అమ్మది.